జాంబవంతుడి గుహ, ఉద్దానం తోట

వినాయక చవితి నాడు పూజ అయ్యాక అక్షతలు గుప్పిట్లో పట్టుకుని ఇల్లిల్లూ వినే శమంతకోపాఖ్యానంలో ఒక ఎలుగు ఉంది. పలాసలో జీడిపప్పు వ్యాపారి ఇంట్లోనైనా, మూలపేటలో వేటకు వెళ్లే మత్స్యకారుడి ఇంట్లోనైనా అదే కథ. పాలలో చవితి చంద్రుణ్ణి చూసినందుకు కృష్ణుడి మీద దొంగతనం, హత్య రెండు నిందలూ పడతాయి. ఆ నింద మాపుకోవడానికి ఆయన అడవికి వెళ్తాడు. గుహలో జాంబవంతుడితో 28 రోజులు పోరాడి, శమంతకమణితో పాటు జాంబవతినీ వెంటబెట్టుకుని తిరిగొస్తాడు. నీలాపనిందల సంగతి అందరికీ గుర్తుంటుంది. ఆ ఎలుగు అసలెందుకు మీద పడిందో మాత్రం ఎవరూ పెద్దగా అడగరు.

అడగవలసిన అవసరం శ్రీకాకుళం తీరంలోని ఉద్దానానికి వచ్చి చాలా ఏళ్లయింది. 2018 జూన్‌లో సోంపేట మండలం ఎర్రముక్కాంలో ఎలుగు దాడికి భార్యాభర్తలిద్దరూ బలయ్యారు, మరికొందరు గాయపడ్డారు. ఊరి జనం తిరగబడి ఆ ఎలుగును చంపేశారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒక రైతు ప్రాణం పోయింది. ఆ వెంటనే అదే చుట్టుపక్కల మరి కొందరు గాయాలపాలయ్యారు. విశాఖ జూ నుంచి వచ్చిన బృందం మత్తు సూదితో ఎలుగును పట్టుకుంది. బోనెక్కించి విశాఖకు తీసుకెళ్తుంటే అదీ చనిపోయింది. 2024 మార్చిలో అదే మండలంలోని అనకాపల్లి జీడితోటలో ఇద్దరు చనిపోయారు, ఒక మహిళ తీవ్రంగా గాయపడింది. ఈ అనకాపల్లి విశాఖ పక్కనున్న పట్టణం కాదు, ఉద్దానంలో ఒక పల్లె.

ఇలాంటిది జరిగిన ప్రతిసారీ మూడు మాటలు వినిపిస్తాయి. ‘దాన్ని చంపెయ్యండి’ అన్నది మొదటిది. ‘అది జాంబవంతుడి జాతి, చంపితే పాపం’ అన్నది రెండోది. పోయినవాళ్ల గుమ్మం ముందు కూర్చుని, గొంతు తగ్గించి, ‘అంతే రాసిపెట్టి ఉంది’ అనడం మూడోది. మూడూ ధర్మం పేరు చెప్పుకునే మాటలే. మూడింటినీ ధర్మం ముందే నిలబెట్టి చూడాలి.

అంతకన్నా ముందు ఆ జంతువును చూడాలి. ఎలుగు పుట్ట దగ్గర తిండి తినే తీరే వేరు. పొడవాటి గోళ్లతో పుట్టను బద్దలు కొడుతుంది. ముక్కుతో బలంగా ఊది దుమ్ము ఎగరగొడుతుంది. తర్వాత పెదాలు గొట్టంలా ముందుకు చాచి చెదల్ని లోపలికి పీలుస్తుంది. పైదవడ ముందు పళ్లలో నడిమి రెండూ దానికి ఉండవు, పీల్చడానికి ఆ సందే దారి. దుమ్ము లోపలికి పోకుండా ముక్కు రంధ్రాలు మూసుకోగలదు. ఆ పీల్చే చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. ఆ చప్పుడులో మునిగిపోయి ఉన్నప్పుడు మనిషి అడుగు దానికి వినపడదు. చూపు కూడా అంతంతమాత్రమే. మనిషి నాలుగు బారల దూరంలోకి వచ్చేదాకా తెలియక, తెలిసిన క్షణంలో బెదిరి, మీదికి వస్తుంది. పులితో ఒకే అడవిలో బతికిన జాతి కాబట్టి, పారిపోవడం కన్నా ఎదురుతిరిగి తరమడమే దానికి అలవాటైందని శాస్త్రజ్ఞులు చెబుతారు. వీపు మీద పిల్లలున్న తల్లి అయితే ఇక చెప్పనక్కర్లేదు. పిల్లల్ని వీపున మోసుకు తిరగడం ఈ జాతి ప్రత్యేకత.

తినడానికి మనిషిని చంపే జంతువు కాదిది. మధ్యప్రదేశ్‌లో 1989 నుంచి 1994 దాకా ఎలుగుల దాడుల లెక్క తీస్తే 48 మంది చనిపోయారు, 686 మంది గాయపడ్డారు. ముఖం మీద, తల మీద కొట్టి, చీల్చి, వదిలిపెట్టి పోతుంది. బతికి బయటపడినవాళ్లలో కన్ను పోయినవాళ్లు, దవడ పోయినవాళ్లు ఉంటారు. దాని మనసులో పగ లేదన్న మాట నిజమే. ఆ మాట వాళ్ల ముందు అనేటప్పుడు మాత్రం గొంతు తగ్గాలి.

ఇక జీడితోట సంగతి. మార్చి నుంచి మే దాకా ఉద్దానంలో జీడిపిక్కల కాలం. ఎండ ముదరకముందే పని ముగించాలని చీకటితోనే తోటలోకి వెళ్తారు. వంగి, రాలిన పండు తీసి, పిక్కను మెలిపెట్టి తెంపి బుట్టలో వేసుకుంటారు. పిక్కకే ధర. పండు అక్కడే చెట్టు కింద పడి ఉంటుంది, రెండు రోజుల్లో పులిసి కల్లు వాసన కొడుతుంది. ఎలుగు ఆ వాసన పట్టుకునే వస్తుంది. దాని తిండి వేళ రాత్రి నుంచి తెల్లవారుజాము దాకా. పిక్కలు ఏరే ఆడవాళ్లూ, పండు తినే ఎలుగూ ఒకే చెట్టు కిందికి ఒకే వేళకు వస్తారు, ఇద్దరూ తల వంచుకునే ఉంటారు. జూన్‌లో పనసపండ్లు రాలే కాలంలోనూ ఇంతే. పైన చెప్పిన మూడు దుర్ఘటనలు జరిగిన నెలలు చూస్తే చాలు.

చంపెయ్యమనే మాటకు ఇప్పుడు వద్దాం. చంపడంలో రెండు సంగతులు కలిసిపోయి ఉంటాయి. ఒకటి, ఇంకొకరి ప్రాణం పోకుండా ఆపడం. రెండోది, శిక్ష. మొదటిదాన్ని ఏ ధర్మమూ తప్పు పట్టదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం అభయమిచ్చిన వనాల్లోని జంతువులను చంపినవాడికి దండన చెబుతూనే, వాటిలో ప్రమాదకరంగా మారినవాటిని ఆ వనం వెలుపల పట్టుకోవచ్చనీ చంపవచ్చనీ అంటుంది. 1972 నాటి మన వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ కూడా ఇంచుమించు ఇదే దారిలో నడుస్తుంది. మనిషి ప్రాణానికి ముప్పుగా మారిన జంతువు విషయంలో రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వవచ్చు. పట్టుకోవడం, మత్తిచ్చి తరలించడం సాధ్యం కాదని తేలాకే చంపమనాలి. ప్రాణం కాపాడుకోవడానికి సద్బుద్ధితో చంపినవాడిది నేరం కాదని కూడా అదే సెక్షన్ చెబుతుంది.

శిక్ష వేరు. 1386లో ఫ్రాన్స్‌లోని ఫలేజ్ పట్టణంలో పసిబిడ్డను చంపిన ఆడపందిని విచారించి, మనిషి బట్టలు తొడిగి, నలుగురిలో ఉరితీశారు. మన సంప్రదాయంలో అలాంటి విచారణకు చోటు లేదు. మనిషిది కర్మయోని, జంతువుది భోగయోని అని పెద్దలు చెప్పేదాంట్లో గొప్ప న్యాయం ఉంది. మంచిచెడ్డలు ఎంచుకునే శక్తి ఉన్నవాడికే పాపపుణ్యాలు అంటుతాయి. ఎలుగుకు ఆ ఎంపిక లేదు, కాబట్టి దానికి పాపమూ లేదు. పాపం లేనిదానికి శిక్షా ఉండదు. ఎర్రముక్కాం జనం కోపాన్ని అర్థం చేసుకోవచ్చు. కళ్లముందు ఇద్దరు పోయారు, కాపాడే యంత్రాంగం ఇంకా దారిలోనే ఉంది. ఆ చావును న్యాయం జరిగిందని మాత్రం అనుకోలేం.

శమంతకోపాఖ్యానాన్ని ఈ కళ్లతో మళ్లీ చదవాలి. మణి ధరించి వేటకు వెళ్లిన ప్రసేనుడు అడవిలో పోయాడు. మణి యజమాని, అతని అన్న సత్రాజిత్తు ఆధారమేమీ లేకుండా కృష్ణుణ్ణి అన్నాడు. కృష్ణుడు ఏం చేశాడు? నలుగురిని వెంటబెట్టుకుని అడవికి వెళ్లి జాడలు చూశాడు. ప్రసేనుడి శవం దగ్గర సింహం అడుగులు కనిపించాయి. ఆ జాడ పట్టుకుని పోతే సింహం చచ్చి పడి ఉంది, దాని పక్కన ఎలుగు అడుగులు. ఆ జాడ గుహ దాకా తీసుకెళ్లింది. ప్రసేనుణ్ణి చంపింది ఎలుగు కాదు. గుహలో ఉన్న ఎలుగు తండ్రి. బిడ్డ ఉయ్యాలకు ఆటవస్తువుగా మణి కట్టాడు. కొత్త మనిషిని చూసి ఉయ్యాల దగ్గర కేకలు పుట్టాకే మీదికి దూకాడు. ఈనాటి వన్యప్రాణి నిపుణులు ఎలుగు దాడికి చెప్పే కారణాలు, దాని తావులోకి హఠాత్తుగా మనిషి రావడమూ పక్కన పిల్ల ఉండడమూ, వ్రతకథలో ఎప్పటినుంచో ఉన్నాయి. ముందు జాడ, తర్వాతే మాట అన్నది కృష్ణుడు నడిచి చూపిన పద్ధతి. ప్రతి దాడి తర్వాతా అటవీ శాఖ చేయవలసిన మొదటి పని అదే. ఏ వేళ జరిగింది, ఏ చెట్టు కింద, పిల్లలున్నాయా, గాయపడి ఉన్న ఎలుగా, దగ్గర్లో నీళ్లున్నాయా అని రాసిపెట్టుకుని, ఆ రాసినదాన్ని ఊరికి చెప్పాలి.

రెండో మాట, దేవుడి జాతి అన్నది. ఈ భక్తిని చులకన చేయకూడదు. ఎలుగులు మన మధ్య ఇంకా మిగిలి ఉన్నాయంటే అందులో ఆ భక్తి పాలు చాలా ఉంది. ప్రపంచం మొత్తం మీద ఈ జాతి 20,000 లోపే ఉంటుందని అంచనా, వాటిలో అత్యధికం మన దేశంలోనే. చట్టం కాపాడినదానికన్నా జనం ఓర్పు కాపాడినదే ఎక్కువ. అయితే భక్తి కూడా దారి తప్పగలదు. ఛత్తీస్‌గఢ్‌లోని మహాసముంద్ జిల్లా ఘుంచాపాలీ చండీమాత గుడికి హారతి వేళ ఎలుగులు వస్తాయి, భక్తులు చేత్తో ప్రసాదం పెడతారు. ఆ వీడియోలు చూసి చేతులెత్తి మొక్కేవాళ్లు లక్షల్లో ఉన్నారు. ఎలుగుకు మనిషి భయం పోవడం దానికీ మంచిది కాదు, మనిషికీ కాదు. ఉద్దానంలో ఎలుగు రాత్రిపూట గుడి తలుపు తోసి దీపాల నూనె, నెయ్యి తాగి పోయిందన్న వార్త తరచూ వస్తుంది. దాన్ని మహిమ అనుకోవడం కన్నా నూనె డబ్బా లోపలపెట్టి తలుపు గట్టిగా బిగించడం మెరుగైన సేవ.

నిజానికి దయ ఎక్కడ సులువో, ఎక్కడ కష్టమో ఈ తీరంలో కొద్ది దూరంలోనే తెలిసిపోతుంది. టెక్కలి మండలం తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూళ్లు కట్టే పెలికాన్లను, ఎర్రకాళ్ల కొంగలను ఊరి జనం పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. వాటి రాకే ఊరికి శుభమంటారు. 2023 జూలైలో సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి దాదాపు 25 అడుగుల తిమింగలం కళేబరం కొట్టుకొస్తే, చుట్టుపక్కల ఊళ్లన్నీ చూడ్డానికి తరలివచ్చాయి. వియత్నాం మత్స్యకారులైతే చనిపోయిన తిమింగలానికి మనిషికి చేసినట్టే అంత్యక్రియలు చేసి, ఎముకలు గుడిలో ఉంచి కొలుస్తారు. పక్షి మన తోటలో ఎవరి ముఖమూ చీల్చదు. తిమింగలం మన దారికి అడ్డం రాదు. వాటి మీద దయకు మనం చెల్లించవలసిన వెల చాలా తక్కువ. అహింసకు అసలు పరీక్ష ఎలుగు దగ్గరే.

ఆ పరీక్షకు మనవాళ్లందరికీ తెలిసిన కథ శిబి చక్రవర్తిది. గద్ద తరిమితే పావురం శిబి ఒడిలో వాలింది. కాపాడతానన్నాడు. అప్పుడు గద్ద వేసిన ప్రశ్న చాలా పెద్దది: నా ఆహారం నువ్వు లాక్కుంటే నేనూ నా పిల్లలూ ఏం తినాలి, ఒక ప్రాణిని కాపాడటానికి ఇంకో ప్రాణిని చంపడం ధర్మమా? శిబి గద్దను దుర్మార్గురాలనలేదు, పావురాన్ని వదులుకోలేదు. తొడ కోసి ఇచ్చాడు. ఈ కథలో ముఖ్యమైన సంగతి ఆయన కోసింది తన తొడ కావడం. పక్కనున్న సేవకుడి తొడ కాదు. అభయమిచ్చింది రాజు, కాబట్టి వెలా రాజే చెల్లించాడు.

ఎలుగుకు అభయమిచ్చింది ఎవరు? పార్లమెంటు. చట్టంలో మొదటి షెడ్యూలులో పెట్టి, పులితో సమానంగా కాపాడతామని దేశం మాట ఇచ్చింది. ఆ మాట మంచిది, నిలబెట్టుకోవలసింది. వెల మాత్రం ఈనాడు వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో పిక్కలేరే కూలీ చెల్లిస్తోంది. ఎలుగును ఎప్పుడూ చూడని నగరాలు పుణ్యం పంచుకుంటాయి, నొప్పి ఉద్దానానిది. ఇదే ఇక్కడి అన్యాయం. మూడో మాట, రాసిపెట్టి ఉందన్నది, ఈ అన్యాయాన్నే కప్పిపెడుతుంది. కర్మ సిద్ధాంతం తన కష్టాన్ని తాను ఓర్చుకోవడానికి మనిషికి ఆసరా కావచ్చు. ఎదుటివాడి కష్టానికి మన బాధ్యత తప్పించుకునే దారిగా దాన్ని వాడుకోవడం అధర్మం. తోటలో పులిసిన పండ్ల కుప్ప వదిలిపెట్టింది మనుషులే, తలరాత కాదు.

1926లో అహ్మదాబాద్‌లో ఒక మిల్లు యజమాని 60 వీధికుక్కలను చంపించినప్పుడు, అహింసావాదులంతా మండిపడితే, గాంధీ ‘యంగ్ ఇండియా’లో ఆయన్ను సమర్థించారు. చంపడం మంచిదని గాంధీ వాదన కాదు. ఇంత అన్నం విదిలించి, ఏ బాధ్యతా తీసుకోకుండా కుక్కల్ని వీధిన వదిలేసిన సమాజానిదే అసలు దోషమని. ఆ ముగింపుతో అందరూ ఏకీభవించనక్కర్లేదు. ఎలుగు వీధికుక్కా కాదు. అయినా బాధ్యత లేని దయ దయ కాదన్న ఆయన ఆరోపణ నేటికీ నిలబడుతుంది.

ఉద్దానానికి ఉత్తరాన, ఒడిశా గంజాం జిల్లాలో రుషికుల్య ఒడ్డున జౌగడ ఉంది. అశోకుడు కళింగ ప్రజల కోసం శాసనాలు చెక్కించిన చోటు. తన వంటశాలలో రోజూ లక్షలకొద్దీ జంతువులు చచ్చేవనీ, ఇప్పుడు మూడింటికి తగ్గించాననీ, అవీ ఇకపై ఉండవనీ అక్కడ మొదటి శాసనంలో ఉంది. త్యాగం తన వంటింటి నుంచే మొదలుపెట్టాడు. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేయించానని దాని పక్క శాసనం చెబుతుంది. తర్వాతి కాలపు స్తంభ శాసనంలో, ప్రాణుల్ని చంపడానికో ఊరికేనో అడవులు తగలబెట్టవద్దన్న ఆజ్ఞ ఉంది. శిబి కథను పురాణమని పక్కనపెట్టేవాళ్లు ఈ రాళ్లనైనా చదవాలి. ప్రాణులకు అభయమిచ్చిన రాజు ఖర్చును తన ఖాతాలోనే రాసుకున్నాడు.

మనం రాసుకోవలసిన ఖాతా చిన్నదేమీ కాదు. ఎలుగు పగలు పడుకునే బండరాళ్ల గుట్టలున్న నేల ఇది. టెక్కలి నీలి గ్రానైటుకు దేశవిదేశాల్లో గిరాకీ, ఆ రాయి గుట్టల్లోంచే రావాలి. పొలం చదును చేస్తే ముందు పోయేది పుట్ట. నాగుల చవితికి పాలు పోయడానికి ఒక పుట్ట మిగులుస్తాం, ఎలుగుకు కావలసినవి అనేకం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరాన్ని తాకి కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. రైతు కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది, ఆ తోటల అంచుల్లో బతికిన జంతువులూ ఆ దెబ్బ తిన్నవే. 2023 ఏప్రిల్‌లో మూలపేట ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. రేవు వస్తే జాతీయ రహదారి దాకా రోడ్డు, రైలు, గోదాములు వస్తాయి, ఉపాధి వస్తుందని జనం ఆశ. ఆ ఆశ న్యాయమైనది. ఏ గుట్ట నుంచి ఏ తోటకు, ఏ చెరువుకు ఎలుగులు దాటుతున్నాయో రోడ్డు గీత గీయకముందే తెలుసుకోవడం ఆ ఆశకు అడ్డంకి కాదు.

మిగతావి రోజువారీ పనులు. పిక్క తీశాక పండ్లను చెట్టు కింద వదలకుండా ఒకచోట గోతిలో వేసి మట్టి కప్పాలి, పనసపండ్లు రాలినవి రాలినట్టే ఎత్తాలి. ఆ పనికి కూలీ ఖర్చవుతుంది, అది రైతు నెత్తిన వేయకుండా పంచాయతీ ద్వారా ప్రభుత్వమే ఇవ్వాలి. కాలిబాటల పక్క మొగలి పొదలు కొట్టించాలి. తెల్లగా తెల్లవారాక, నలుగురైదుగురు కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ తోటలోకి వెళ్లాలి. ఎదురుపడితే గుంపులుగా తరమకూడదు. ఎలుగు ఊళ్లోకొచ్చిందన్న కబురుకి వందలమంది కర్రలతో, సెల్‌ఫోన్లతో చుట్టుముట్టడం వల్ల బెదిరిన జంతువు మరింత మందిని గాయపరుస్తుంది. పరిహారం సంగతి సరేసరి. శిబి పావురం చచ్చాక పరిహారం ప్రకటించలేదు, గద్ద ఎదుట ఉండగానే తొడ కోశాడు.

కిడిసింగి ఎలుగును పట్టడానికి బృందం దాదాపు 200 కిలోమీటర్ల దూరంలోని విశాఖ నుంచి రావలసి వచ్చింది. అక్కడి రైతు బతకలేదు, చివరికి ఆ ఎలుగూ బతకలేదు. ఎలుగుకు అభయమిచ్చిన ప్రభుత్వం వచ్చే మార్చిలో జీడిపిక్కలు రాలేలోగా పలాసను ఆనుకున్న కాశీబుగ్గలోనే ఒక వన్యప్రాణి వైద్యుణ్ణి, మత్తు తుపాకీని, బోనును, శిక్షణ పొందిన పదిమందిని సిద్ధంగా ఉంచాలి. ఉద్దానం పంచాయతీలు తీర్మానాలు చేసి ఇది అడగాలి, ఎమ్మెల్యేలు అసెంబ్లీలో అడగాలి.